బూడిదరంగు అక్షరాలు

కంటి ఆసుపత్రిలో పద్దెనిమిదేళ్లుగా రిసెప్షన్ చూస్తున్న ఆవిడను డాక్టర్లతో సహా అందరూ కౌంటరక్క అనే పిలుస్తారు. ఫోన్లోనే అపాయింట్‌మెంటు తీసుకునేలా వెబ్‌సైటు పెట్టాలని పెద్ద డాక్టరు నిర్ణయించి, ఆ పని ఒక డిజైనరు అమ్మాయికి అప్పగించాడు. మొదటి మీటింగుకి కౌంటరక్కనూ రమ్మన్నాడు.

డిజైనరు తెర మీద బొమ్మలు చూపిస్తూ గడగడా చెప్పుకుపోయింది. మొదటి పేజీలో కారొసెల్, మూలన హాంబర్గర్ మెనూ, ఫారంలో ప్లేస్‌హోల్డర్లు, చివర టోస్టు. డాక్టర్లందరూ తలలూపారు. కౌంటరక్క చెయ్యెత్తింది.

"హాంబర్గరూ టోస్టూ అంటున్నావు, ఇది ఆసుపత్రా, క్యాంటీనా అమ్మా?"

గది గొల్లుమంది. "నేనూ అదే అడుగుదామనుకున్నా," అని చిన్న డాక్టరు గొణిగాడు.

డిజైనరు మొహం కాస్త ముడుచుకుంది గానీ, ఓపిగ్గానే చెప్పింది. ఒకదాని కింద ఒకటి ఉండే మూడు గీతలు హాంబర్గర్. నొక్కితే పేజీల జాబితా తెరుచుకుంటుంది. వాటంతట అవే జరిగిపోయే ఫొటోల వరస కారొసెల్. గడిలో ఏం రాయాలో లేతగా చూపించి, మనం రాయగానే మాయమయ్యేది ప్లేస్‌హోల్డర్. పని అయిందని చెప్పి రెండు క్షణాల్లో పోయే చిన్న కబురు టోస్టు.

"బాగా చెప్పావు," అంది కౌంటరక్క. "కానీ మా దగ్గరికొచ్చేవాళ్లకి ఇవేవీ కనపడవు. పరీక్షకని కళ్లలో చుక్కలు వేస్తాం. కొన్ని గంటలపాటు దగ్గరివన్నీ అలికేసినట్టుంటాయి. మళ్లీ ఎప్పుడు రావాలో బుక్ చేసుకునేది సరిగ్గా అప్పుడే."

"ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు కదండీ."

"అయితే చుక్కలు వేయించుకుని నువ్వే బుక్ చేసి చూపించు."

డిజైనరు వెనక్కి తగ్గే రకం కాదు. "వేయించండి," అంది.

పెద్ద డాక్టరు ఆమె కళ్లు పరీక్షించి తానే చుక్కలు వేశాడు. అరగంటయ్యాక ఆమె కౌంటరు పక్క బెంచీ మీద కూర్చుని, తాను గీసిన పేజీనే ఫోన్లో తెరిచింది. చెయ్యి చాచి చూసింది, దగ్గరికి లాక్కుని చూసింది. మూడు గీతలు దొరికేసరికే రెండు నిమిషాలు పట్టింది. బూడిదరంగు అక్షరాలు తెల్లటి తెరలో కలిసిపోయాయి. పేరు గడిలో ఫోన్ నంబరు కొట్టింది. టోస్టు వచ్చిందో పోయిందో తెలియనే లేదు.

"నేను గీసింది నాకే కనపడట్లేదు!" అని పకపకా నవ్వేసింది. "అక్కా, ఇలా వచ్చి కూర్చోండి. ఇంకేం కుదరదో ఇప్పుడే చెప్పేయండి."

రెండు వారాలు ఇద్దరూ ఆ బెంచీ మీదే కూర్చున్నారు. కారొసెల్ పోయింది. మూడు గీతల చోట పేజీల పేర్లే పెద్ద అక్షరాల్లో వచ్చాయి. ప్రతి గడి పైనా నల్లటి అక్షరాలు నిలిచాయి. చివరి కబురు 'సరే' అని నొక్కేదాకా కదలకుండా ఉంది. బటన్లన్నీ ఎర్రగా ఉండాలని కౌంటరక్క పట్టుబట్టింది. "అన్నీ ఎర్రగా ఉంటే ఏది ముఖ్యమో ఎలా తెలుస్తుందక్కా?" అంది డిజైనరు. ఆ మాటకు కౌంటరక్క ఒప్పుకోక తప్పలేదు.

వెబ్‌సైటు మొదలైన రోజు, చుక్కలు వేయించుకున్న ఒక టైలరమ్మ బెంచీ మీద నుంచే బుక్ చేసుకుని, కౌంటరు వైపు చూడకుండా వెళ్లిపోయింది.

"నీ ఉద్యోగానికి నువ్వే ఎసరు పెట్టుకున్నావు," అని సాయంత్రం భర్త ఆటపట్టించాడు.

"ఎసరేం కాదు. ఆపరేషనంటే వణికిపోతున్న ఒకావిడ పక్కన ఇవాళ పావుగంట కూర్చున్నా. ధైర్యంగా లోపలికెళ్లింది. ఇన్నేళ్లలో నాకంత తీరిక ఎప్పుడు దొరికింది?"