కాస్త పట్టుకో

చొక్కా కాలర్ మీద ఎర్రటి మరక కనిపించగానే లెనోరా స్ట్రౌబ్ చేసిన మొదటి పని గ్యారేజీ తలుపు వైపు చూడడం. అది మూసి ఉంది. రెండో పని, వాషింగ్ మెషీన్ మూత వేసి దాని మీదే కూర్చోవడం.

తెల్ల చొక్కా. హార్లన్‌కి తెల్ల చొక్కా ఉన్నదే ఒకటి. పెళ్ళికో చావుకో తప్ప అది అల్మరా దాటి రాదు. ఈ నెలలో పెళ్ళిళ్ళు లేవు. ఎవరైనా పోతే ఆ కబురు ముందు తనకే చేరుతుంది, ఎందుకంటే ఊరి చివర శవపేటికల ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళుగా పేటికల లోపలి పట్టు మెత్తలు కుడుతున్నది తనే. మరి ఈ చొక్కా ఎక్కడికి వెళ్ళొచ్చినట్టు? ఎవరి పెదవులు దీని మీద ఆనినట్టు?

ఇరవై ఆరేళ్ళ కాపురంలో లెనోరా మొగుణ్ణి చాలా రకాలుగా అనుమానించింది. చెత్తబుట్ట బయట పెట్టానని చెబితే అనుమానించింది, డాక్టరు ఉప్పు తినొచ్చన్నాడంటే అనుమానించింది. ఆడవాళ్ళ విషయంలో మాత్రం ఎప్పుడూ అనుమానించలేదు. ట్రాక్టర్ విడిభాగాల కౌంటర్ వెనక రోజంతా నిలబడి, సాయంత్రం ఇంటికొచ్చి బొమ్మ విమానాల పుస్తకాలు తిరగేసే మనిషికి అంత తీరిక ఎక్కడిది? అత్తగారు ఓర్ఫా కూడా ఎప్పుడూ అదే అంటుంది. "మగాడికో వ్యాపకం ఉండటం మంచిదమ్మాయ్. కళ్ళ ముందే పడుంటాడు. నువ్వు కాస్త సర్దుకుపోతే చాలు."

మరకని సబ్బుతో రుద్దింది. పోలేదు. ఉప్పు చల్లింది. పోలేదు. లిప్‌స్టిక్ అయితే కొంచెమైనా జిడ్డుగా సాగాలి. ఇది బట్టలోకి కరిగి, గట్టిపడి, వేలికి గరుకుగా తగులుతోంది. లెనోరా లేచింది. గ్యారేజీలో అల్మరా పై అరలో ఉన్న థిన్నర్ సీసా తెచ్చి, దూదితో ఒకసారి అద్దింది. మరక గులాబీ రంగుకి తిరిగి, దూదిలోకి వచ్చేసింది.

అది ఏ ఆడదాని పెదవులదీ కాదు. గ్యారేజీలో తయారైన బొమ్మ విమానం రెక్కకి అంటించే ఎర్రబట్ట జిగురు. ఇస్త్రీ వేడికి ఆ బట్ట చెక్కకి అతుక్కుంటుంది, జిగురుకీ అదే రంగు. దాన్ని అంటించడానికి అరచేతిలో ఇమిడే చిన్న ఇస్త్రీ పెట్టె ఒకటుంది. దాని అడుగున ఎప్పుడూ కాస్త ఎరుపు మిగిలిపోతుంది. దాన్ని మామూలు బట్టల మీద పెట్టకూడదని తనకి తెలుసు. హార్లన్‌కి తెలీదు. పెద్ద ఇస్త్రీ పెట్టె ఎక్కడుంటుందో కూడా తెలీదు కాబట్టి చేతికి దొరికిన దాంతో రుద్దేసుకున్నాడు.

లెనోరాకి ముందు ఊపిరి తేలికైంది. ఆ తర్వాతే అసలు భయం మొదలైంది. పెళ్ళయినప్పటి నుంచీ చొక్కా ఇస్త్రీ ముట్టని మనిషి, తనకి చెప్పకుండా, దొంగచాటుగా, తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడంటే, వేరే ఆడది ఉన్నా కొంచెం నయమేమో!

ఆ వారమంతా ఆమె కళ్ళు అతని వెంటే తిరిగాయి. సోమవారం రాత్రి భోజనం దగ్గర, మాంసం ముక్క కోసుకుంటూ, హార్లన్ ఒక ప్రశ్న అడిగాడు.

"విమానం రెక్కలో పక్కటెముకలు ఎన్ని?"

లెనోరా ఫోర్కు ఆగిపోయింది. భోజనం దగ్గర అతను తనని అడిగే ప్రశ్నలు రెండే: ఉప్పేది, ఇంకా ఉందా. "ముప్పై నాలుగు," అంది.

"ఏ జిగురు?"

"ముందు భాగానికి పసుపుది, వెనకదానికి తెల్లది. తెల్లది ఆరడానికి టైం పడుతుంది కానీ చెక్క మెలితిరగదు. ఎందుకు?"

"ఊరికే. తెలుసుకోకూడదా ఏంటి?"

మంగళవారం, బట్ట మీద కుట్లు ఎంతెంత దూరంలో వేశావన్నాడు. బుధవారం, చక్రాల కడ్డీ ఎలా వంచావన్నాడు. చెప్పింది వింటూ, పెదవులు మాత్రం కదిలిస్తూ లోపల్లోపల మననం చేసుకుంటున్నాడు. పరీక్షకి ముందు రోజు పుస్తకం తెరిచినవాడిలా.

ఆ విమానం మొదలైంది "కాస్త పట్టుకో" అనే మాటతో. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం గ్యారేజీలోంచి పిలిచాడు. "లెన్నీ, ఈ ముక్క కాస్త పట్టుకో, జిగురు ఆరేదాకా." పట్టుకుంది. మర్నాడు ఇంకో ముక్క. బల్సా అనే ఆ తేలికపాటి చెక్క అతని బొటనవేలి కింద విరిగిపోయేది, తిట్టుకునేవాడు, కత్తి విసిరేవాడు. "నీ చేతులు చిన్నవి, నువ్వైతే సున్నితంగా కోస్తావు" అన్నాడు. కోసింది. ప్లాన్ చదవడం అతని వల్ల కాలేదు, ఆమెకి కుట్టు నమూనాలు చదివే అలవాటుంది కాబట్టి చదివింది. వంటయ్యాక, గిన్నెలు కడిగాక, అత్తగారి మందులు డబ్బాల్లో సర్దాక, రెక్క లోపల అడ్డంగా నిలిపే చెక్క ముక్కల్లో రోజుకొకటి, రోజుకో పక్కటెముక. ఎప్పుడో ఒకప్పుడు పట్టుకోమన్నవాడు వెళ్ళి టీవీ ముందు కూర్చున్నాడు, పట్టుకున్నది మిగిలిపోయింది. ఇంజన్ మాత్రం అతనే బిగించాడు. బొమ్మ విమానాల క్లబ్బు వాళ్ళు ఇంటికొచ్చినప్పుడు ఆ తొమ్మిదడుగుల రెక్క మీద చెయ్యి వేసి చెప్పాడు: "బట్ట మా ఆవిడ అంటించింది. ఇస్త్రీ ఎలాగూ ఆడాళ్ళకి అలవాటేగా!" అందరూ నవ్వారు. కాఫీ పోస్తూ లెనోరా కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు కాలతాయి. ఫ్యాక్టరీలో తను కుట్టిన పట్టు మీద ఒక్కరోజు నలుగురి చూపు పడుతుంది, ఆ తర్వాత మూత పడుతుంది. ఇంట్లో ఆ ఒక్కరోజు కూడా లేదు.

గురువారం ఫోన్ మోగింది.

"స్ట్రౌబ్ గారున్నారా?" ఆడగొంతు. తేటగా, చనువు లేకుండా ఉంది. "నా పేరు డెల్ఫిన్ రూష్. శనివారం తొమ్మిదికి చూస్తాను. సంతకం చేసిన కాగితం మర్చిపోవద్దని చెప్పండి, అది లేకపోతే లోపలికి రానివ్వను."

సాయంత్రం లెనోరా ఆ పేరు చెప్పింది. హార్లన్ చెవులు ఎరుపెక్కాయి.

"డెల్ఫినా? క్లబ్బులో ఎవరో. శనివారం ఊరికే అందరం కలుస్తున్నాం."

"నేనూ వస్తాను."

"నువ్వెందుకు? ఎండ, దుమ్ము, ఈగలు. నీకు తోచదు. అమ్మని చర్చి సామాన్ల అమ్మకానికి తీసుకెళ్ళు."

"ఏం కాగితం అది?"

"అబ్బా, పోలీసు డ్యూటీ ఎక్కావా? పార్కింగుది."

శనివారం పొద్దున విమానాన్ని మూడు ముక్కలుగా విడదీసి ట్రక్కులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. రెక్క, ఒళ్ళు, తోక. తెల్ల చొక్కా వేసుకున్నాడు. ట్రక్కు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడి, లెనోరా గ్యారేజీలోకి వెళ్ళింది. చీపురు అందుకుని బల్ల కింద ఒక్కసారి ఊడ్చింది. ఆగిపోయింది.

చెక్కపొట్టులో రెండు దారం ముక్కలు. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. కత్తెరతో శుభ్రంగా కత్తిరించినవి.

ఆ దారాలు కట్టింది తనే. తోకకి ఒక కదిలే రెక్క ఉంటుంది, అది పైకి లేస్తే విమానం పైకి, కిందికి వాలితే కిందికి. దాన్ని లాగే తీగలు రెండు. ఒంటి లోపల ఒకదాన్నొకటి దాటుకుని, తోక దగ్గర బయటికొస్తాయి. బయటికొచ్చాక కవలల్లా ఉంటాయి. తోక బిగించేటప్పుడు ఎర్రదారం ఉన్నది పై కొక్కేనికి, తెల్లదారం ఉన్నది కింది కొక్కేనికి తగిలించాలి. ఆ గుర్తు తనకే తెలుసు. అతనికి చెప్పింది కూడా. అప్పుడు టీవీలో బాస్కెట్‌బాల్ వస్తోంది.

చీపురు అక్కడే పడేసి కారు తాళాలు తీసుకుంది. మేడ మీంచి ఓర్ఫా, "అమ్మాయ్, చర్చికి ఇంకా టైముందిగా!" అని కేకేసింది. "మీ అబ్బాయి దగ్గరికి వెళ్ళొస్తా" అంటూ లెనోరా కారు తీసింది.

మొక్కజొన్న చేల మధ్య, గడ్డి కత్తిరించిన క్లబ్బు మైదానం. తాడు కట్టిన వరస వెనక మడత కుర్చీలు, వాటిలో ఓ వంద మంది. గేటు దగ్గర చేతిలో పెట్టిన జిరాక్స్ కాగితం మీద హార్లన్ ఫోటో ఉంది. విమానం పక్కన తెల్ల చొక్కాలో నిలబడ్డాడు, కాలర్ మీద మరక నల్లగా పడింది. కింద ఉన్నది లెనోరా రెండుసార్లు చదివింది. 'తయారీ, చోదన: హార్లన్ స్ట్రౌబ్.' దాని కింద చిన్న అక్షరాల్లో పోటీ నియమం: ఎగరవేసేవారు విమానాన్ని తమ చేతులతో తయారు చేసినట్టు, ఎవరైనా సాయం చేస్తే ఆ పేరు చెప్పినట్టు సంతకం చేయాలి.

పార్కింగు కాగితం!

న్యాయనిర్ణేతల బల్ల దగ్గర పొట్టి జుట్టు పెద్దావిడ ఒకరు భూతద్దంతో రెక్కని చూస్తోంది. చొక్కాకి తగిలించిన చీటీ మీద పేరు: డెల్ఫిన్ రూష్. అరవై దాటి ఉంటాయి. హార్లన్ చేతులు వెనక్కి కట్టుకుని పాఠం అప్పజెబుతున్నాడు.

"తెల్ల జిగురు ఆరడానికి టైం పడుతుందండీ, కానీ చెక్క మెలితిరగదు."

లెనోరా మాట. అక్షరం పొల్లుపోకుండా.

"ఈ కుట్టు చాలా అరుదైంది స్ట్రౌబ్ గారూ. ముడి లోపలికి పోయింది. ఎక్కడ నేర్చుకున్నారు?"

హార్లన్ కాలర్ సర్దుకున్నాడు. ఈ ప్రశ్న భోజనం దగ్గర అడగడం మర్చిపోయాడు. "మా అమ్మ నేర్పింది," అన్నాడు.

జనంలో నిలబడ్డ లెనోరాకి నవ్వొచ్చింది. ఓర్ఫా తన గౌను గుండీ ఊడితే కోడలి గది తలుపు కొడుతుంది. ఆ ముడి శవపేటిక మెత్తలకి వేసేది, పట్టు మీద దారం కనిపించకూడదని. డెల్ఫిన్ భూతద్దం దించి, హార్లన్ వేళ్ళ వైపు ఒకసారి చూసి, ఏదో రాసుకుంది.

ఇంజన్ అందుకుంది. హార్లన్ రిమోట్ పట్టుకుని, దాని మీది పుల్ల ముందుకీ వెనక్కీ కదిపాడు. తోక రెక్క కదిలింది. తల ఊపాడు. కదిలిందా లేదా అనే చూశాడు గానీ, ఎటు కదిలిందో చూడలేదు.

లెనోరా చూసింది. అతను పుల్ల గుండె వైపు లాగినప్పుడు తోక రెక్క లేవాలి. వాలింది.

తీగలు తారుమారయ్యాయి. విమానం పరుగెడుతుంది, పైకి లేపడానికి అతను పుల్ల లాగుతాడు, లాగినకొద్దీ ముక్కు నేలలోకి దిగుతుంది. తనేం చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుని నిలబడితే చాలు. నోరు మూసుకోవడం తనకి కొత్తా? వందమంది ముందు, ఆ తెల్ల చొక్కా, ఆ ఎర్రబడిన చెవులు. తియ్యగా ఉంది ఆ ఊహ. ఒకటి, రెండు, మూడు అంకెలు లెక్కపెట్టేంత సేపు లెనోరా దాన్ని నోట్లో చప్పరించింది.

కానీ పగిలేది అతను కాదు. ముప్పై నాలుగు పక్కటెముకలు.

"ఆపు!"

తాడు కింద నుంచి దూరి నడిచింది. హార్లన్ మొహం పాలిపోయింది.

"లెన్నీ! ఏంటిది? ఇంటికెళ్ళు, తర్వాత మాట్లాడదాం."

"ఇంజన్ ఆపు. తోక తీగలు తిరగబడ్డాయి."

"నువ్వెళ్ళి నీడలో కూర్చో. క్షమించండి మేడమ్, మా ఆవిడకి ఎండ పడదు."

డెల్ఫిన్ ముందుకొచ్చింది. "ఇంజన్ ఆపండి స్ట్రౌబ్ గారూ." ఇంజన్ ఆగింది. ఎక్కడో కాకి అరుపు వినిపించింది. "పుల్ల వెనక్కి లాగండి." లాగాడు. తోక రెక్క అందరి కళ్ళ ముందూ కిందికి వాలింది. కుర్చీల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఈ రెండు తీగల్లో పై కొక్కేనికి పోయేది ఏది?"

హార్లన్ వంగి చూశాడు. కుడిదాన్ని పట్టుకున్నాడు. వదిలాడు. ఎడమదాన్ని పట్టుకున్నాడు.

"ఎడమది," అంది లెనోరా. "ఎర్రదారం కట్టాను. పొద్దున కత్తిరించేశాడు."

"నిజమైన విమానానికి దారాలుండవు కదా! మార్కులు తగ్గుతాయని..." హార్లన్ తీగ వదిలేశాడు.

లెనోరా మోకాళ్ళ మీద కూర్చుంది. తీగలు విప్పి, మార్చి తగిలించింది. అతని చేతిలో ఉన్న రిమోట్ మీదే వేలు పెట్టి పుల్ల లాగింది. తోక రెక్క లేచింది. డెల్ఫిన్ చూపు ఆమె వేళ్ళ చివర్ల మీద నిలిచింది. సూది పోట్ల మచ్చలు, గోళ్ళ అంచున ఎరుపు.

"ఆ కుట్టు ఎవరు నేర్పారమ్మా?"

"ఫ్యాక్టరీలో. శవపేటికలకి వేస్తాం."

డెల్ఫిన్ ఫైల్లోంచి హార్లన్ సంతకం చేసిన కాగితం తీసి అడ్డంగా చింపేసింది. ఖాళీది ఒకటి బల్ల మీద పెట్టి, పెన్ను దాని పక్కన ఉంచింది. ఎవరి వైపూ జరపలేదు.

హార్లన్ భార్య చెవి దగ్గరికి వంగాడు. "లెన్నీ, నువ్వు సాయం మాత్రమే చేశావని చెప్పు చాలు. పరువు పోతుంది. బంగారం, నీకు ఎగరవెయ్యడం కూడా రాదు. నీ పేరు రాస్తే ఇవాళ ఇది నేల మీదే ఉండిపోతుంది."

"ఉండనీ," అంది లెనోరా. "నేను నేర్చుకునేదాకా ఉంటుంది."

పెన్ను తీసుకుంది. తయారు చేసినవారు అన్న చోట తన పూర్తి పేరు రాసింది, పెళ్ళికి ముందు ఇంటిపేరుతో సహా. కింద ఇంకో గీత ఉంది: 'సహాయకులు ఎవరైనా ఉంటే, వారి పేరు, వారు చేసిన పని.' అబద్ధం రాయడం ఆమెకి ఇష్టం లేదు, ఎవరి కష్టాన్నీ తక్కువ చేయడమూ ఇష్టం లేదు. ఇంజన్ గురించి ఒక మాట రాసి, ఆ పక్కనే మిగిలిన చోటు గుండ్రటి అక్షరాలతో నింపి, కాగితం తిప్పి ఇచ్చింది.

డెల్ఫిన్ కళ్ళజోడు సర్దుకుని, నియమం ప్రకారం, మైకులో పైకి చదివింది.

"హార్లన్ స్ట్రౌబ్. ఇంజన్ బిగించాడు. కాస్త పట్టుకున్నాడు."