లాకుల మీద అట్లతద్దె

లాకుల మీద కాపురానికి వచ్చిన ఏడు, అట్లతద్దె నాడు మా ఆయన పెద్దిరాజుగారిని పొద్దున్నుంచీ విసుక్కుంటూనే ఉన్నాను. పాపం, తప్పు ఆయనది కాదు, గోదారిది. పోలవరం నుంచి మా అమ్మా పిన్నీ పడవ మీద రావలసింది. గోదారి పొంగిందనీ, పైనుంచి పడవలేవీ దిగడం లేదనీ ధవళేశ్వరం నుంచి కాలువలో వచ్చిన బియ్యం పడవవాడు చెప్పి, మా ఆయన లాకు తలుపులు తీయగానే చక్కా పోయాడు.

పెళ్ళయ్యాక మొదటి తద్దె అది. వాయనం పుచ్చుకునే ముత్తయిదువ లేకపోతే మొగుడి ఆయుష్షుకి మంచిది కాదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ నూరిపోసింది. ఆ గట్టు మీద చూస్తే మా పెంకుటిల్లు ఒకటి, అవతల చేపలు పట్టేవాళ్ళ పాకలు నాలుగు.

"కోటలో తులసమ్మకి ఇచ్చెయ్యరాదా?" అన్నారు మా ఆయన.

"తులసమ్మ అట్లు తింటుందా?" అన్నాను. ఉపవాసం మీద ఉన్నదాన్ని, నా నోరు ఎలా ఉంటుందో చెప్పాలా? ఆయన మెల్లగా లాకుల వైపు జారుకున్నారు.

పొద్దు వాలేవేళ లోవలక్ష్మి నీళ్ళకు వచ్చింది. రోజూ మా గుమ్మం ముందు చేపల తట్ట దించే మనిషే. ఆ రోజు తట్ట లేదు, తలంటుకుంది, చేతులు ఎర్రగా పండి ఉన్నాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. బిందె ముంచుతుంటే దగ్గరికి వెళ్ళి అడిగేశాను.

"లోవలక్ష్మీ, నా వాయనం పుచ్చుకుంటావా?"

అది బిందె మెట్టు మీద పెట్టింది.

"పుచ్చుకుంటానండి. మరి నాదెవరు పుచ్చుకుంటారండి? మా అమ్మ యానాంలో ఉందండి. మా ఆయన బుల్లియ్య చూస్తే సముద్రం మీదకెళ్ళే మనిషండి. నాకు మాత్రం భయం ఉండదేంటండి?"

ఇవ్వడం గురించే ఆలోచించాను గానీ పుచ్చుకోవడం గురించి కాదు. దాని దగ్గర చేపలు కొంటాం, కడుగుతాం, వండుకు తింటాం. దాని ఇంట్లో కాల్చిన అట్టు తిన్నానని తెలిస్తే మా అత్తగారు నన్ను వంటింటి గడప తొక్కనివ్వదు. ఆలోచించి చెబుతానన్నాను. అది బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. దాని నడక చూస్తుంటే సిగ్గేసింది.

ఆయన రాగానే సంగతి చెప్పాను. గెడ్డం గోక్కున్నారు.

"నువ్వు పుచ్చుకోకపోతే ఆ అమ్మాయి నీదీ పుచ్చుకోదు. అప్పుడు పోయేది నా ప్రాణం కదా. పుచ్చుకో. మా అమ్మకి నేను చెప్పుకుంటాను."

పెళ్ళయిన తర్వాత ఆయన మీద నిజంగా ప్రేమ పుట్టింది అప్పుడే. నేనే స్వయంగా పాకల దాకా వెళ్ళి లోవలక్ష్మిని పిలుచుకు వచ్చాను.

ఇద్దరం సిద్ధమైతే చంద్రుడు సిద్ధం కాలేదు, ఆకాశమంతా మబ్బు. బుల్లియ్య లాకు తలుపు మీదకెక్కి తూర్పుకేసి చూస్తూ నిలబడ్డాడు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి, అట్లు చల్లారిపోతున్నాయి. ఎప్పటికో, "అదిగోనండి, వచ్చేశాడండి" అని కేక వేశాడు.

గౌరమ్మకు దణ్ణం పెట్టుకుని ముందు నేనిచ్చాను, కొంగు పట్టి అది పుచ్చుకుంది. తర్వాత నేను కొంగు పట్టాను. ఇంటికి తీసుకెళ్ళి తింటానంటే నమ్ముతుందో లేదోనని, అక్కడే దాని ఎదురుగా ఒక అట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాను. మందంగా, కాస్త పొగవాసనతో ఉంది. నా అట్లు సగం పెనానికే అంటుకుపోయాయి, దానివి ఒక్కటీ చిరగలేదు. లోవలక్ష్మి మెట్టు మీద కూలబడి ఏడ్చింది. హమ్మయ్య అనుకుని నేనూ దాని పక్కనే కూర్చున్నాను. గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది.

మరుసటి ఏడు గోదారి పొంగలేదు. మా అమ్మ బుట్టలతో, పసుపు కుంకాలతో పడవ దిగింది. చంద్రుడు రాగానే అందరికంటే ముందు వచ్చి కొంగు పట్టింది.

"నీది రెండో వాయనమే అమ్మా. మొదటిది లోవలక్ష్మిది. దానిది పుచ్చుకునేదీ నేనే" అన్నాను.

అమ్మ నా మొహంకేసి చూసింది. లోవలక్ష్మి మొహంకేసి చూసింది. పట్టిన కొంగు వదలకుండానే వెళ్ళి దాని వెనక నిలబడింది.