గది వేడిలో నిలిచిన అయస్కాంతం

మాస్టారు మంచాన పడి నాలుగు నెలలైంది. ఆయన దగ్గర ఆఖరుగా డాక్టరేటు చేస్తున్న శిష్యురాలు ఆ నాలుగు నెలలూ ప్రయోగశాల నేలమాళిగలోనే గడిపింది. పిడికెడంత మనిషి కావడంతో అక్కడందరూ ఆమెను పిచ్చుక అనేవారు. ఆ పేరు పెట్టింది ద్రవ హీలియం పోసే టెక్నీషియను. లోకంలోకెల్లా చల్లని ద్రవంతో ముప్పై ఏళ్లు కాపురం చేసినందుకు ఆయన పేరు చలిబాబాయి అయింది.

మాస్టారి జీవితమంతా ఒకే ప్రశ్న వెనక పోయింది. కొన్ని లోహాలను బాగా చల్లబరిస్తే ఎలక్ట్రాన్లు జంటలు కట్టి, ఏ అడ్డూ లేకుండా ప్రవహిస్తాయి. అది అతివాహకత. ఇనుములాంటి వాటిలో ఎలక్ట్రాన్లు ఒకే వైపు మొహం తిప్పి నిలబడతాయి. అది అయస్కాంతత్వం. మామూలుగా జంటలో ఒకటి ఇటు చూస్తే రెండోది అటు చూడాలి. అయస్కాంతం రెంటినీ ఒకే వైపు తిప్పబోయి జంటను విడగొట్టేస్తుంది. అందుకే ఈ రెండు గుణాలకూ ఒక చూరు కింద పొసగదు. పొసగిన పదార్థాలు ఉన్నా చాలా అరుదు. అలాంటిదొకటి తన కొలిమిలో పుడితే చూసి పోవాలని మాస్టారి ఆశ.

ఆయన మంచం పట్టకముందు పెంచిన చివరి స్ఫటికం బియ్యపుగింజంత ఉంటుంది. పిచ్చుక దాంట్లో ఒక ముక్క కోసి చల్లబరిచింది. విద్యుత్ నిరోధం సున్నాకు పడిపోయింది. అదే చలిలో అయస్కాంతత్వమూ కనబడింది. వెచ్చబెట్టి కూడా కొలుద్దామనుకుంది గాని, యంత్రం మీద ఆమె వంతు ఆ సాయంత్రంతో అయిపోయింది. కాగితాలు పట్టుకుని మాస్టారింటికి పరుగున వెళ్లింది.

"ఇవాళ నన్ను లేపి కూచోబెట్టండి," అన్నాడాయన భార్యతో. ఆ రోజు కడుపునిండా తిన్నాడు. తర్వాత చూడవచ్చిన ప్రతివాళ్లకీ ఆ సంగతే చెప్పాడు. మందులిచ్చే నర్సుకు కూడా ఎలక్ట్రాన్ల జంటల గురించి పాఠం తప్పలేదు. ఇద్దరి పేర్లతో వ్యాసం ఓ పరిశోధన పత్రికకు వెళ్లింది.

మూడు నెలలకు పత్రిక నుంచి పరీక్షకుల ప్రశ్నలొచ్చాయి. వాటిలో ఒకటి చిన్నది. గది ఉష్ణోగ్రత దాకా కొలిచారా?

పిచ్చుక మర్నాడు పొద్దున్నే ఆ ముక్కను యంత్రంలో పెట్టింది. ఆ స్ఫటికానికి సొంతమైన అయస్కాంతత్వమైతే వెచ్చబడే కొద్దీ తగ్గి మాయమవ్వాలి. మధ్యాహ్నానికి ముక్క గది వేడికి వచ్చింది. తెర మీద గీత ఇంచుమించు ఎక్కడున్నది అక్కడే ఉంది. అంత వేడిలోనూ చెక్కుచెదరకుండా నిలిచేది ఇనుప అయస్కాంతత్వం; అంటే ముక్కకెక్కడో ఇనుము అంటింది.

చలిబాబాయి వెనక నిలబడి చూశాడు. "దేంతో కోశావమ్మా దీన్ని?"

"వజ్రపు తీగ తెగిపోయింది బాబాయ్. కొత్తది వచ్చేదాకా ఆగలేక..."

"ఆగలేక?"

"గడ్డం గీసుకునే బ్లేడుతో కోశాను."

ఆయన ఇనుమును కరిగించే యాసిడ్ సీసా తీశాడు. ముక్కను పలచటి యాసిడ్‌లో కాసేపు ఉంచి, కడిగి మళ్లీ కొలిచారు. అతివాహకత అలాగే ఉంది. అయస్కాంతత్వం పోయింది. బ్లేడు వదిలిన ఇనుప రజను, కంటికి కనబడనంత, మూడు నెలలుగా వాళ్లను ఆడించింది.

"పత్రికవాళ్లకి రాసెయ్. తప్పదు," అన్నాడు చలిబాబాయి. "మాస్టారికి మాత్రం చెప్పకు. ఆయనకి ఇంకెన్ని రోజులని? తెలీకపోతే కొంపేం మునగదు."

ఆమెకూ అదే నయమనిపించింది. నోరు కుట్టేసుకోవాలని ఒట్టుపెట్టుకుని మరీ ఆదివారం వాళ్లింటికి వెళ్లింది. మాస్టారు ఎముకలగూడై పడుకుని ఉన్నాడు. మాస్టారి భార్య దిండు సర్ది పక్కకు జరిగింది.

"వెచ్చబెట్టి కొలిచావా?" అన్నాడాయన. పలకరింపు కూడా లేదు.

పిచ్చుక తలవంచుకుంది. ఈ ప్రశ్న ఆయన్ని ఎన్నాళ్ల నుంచి తొలుస్తోందో.

"కొలిచాను మాస్టారూ."

"నిలిచిందా?"

"నిలిచింది."

"యాసిడ్ పెట్టావా?"

"పెట్టాను. పోయింది. బ్లేడుతో కోశాను మాస్టారూ. తప్పు నాది."

"అడగాల్సింది నేను. అడిగితే ఏం చెబుతావోనని అడగలేదు," అన్నాడు. "వ్యాసం వెనక్కి తీసుకో." ఆ తర్వాత గోడవైపు తిరిగిపోయాడు. ఆమె గంటసేపు కూచున్నా మళ్లీ ఇటు తిరగలేదు.

గుమ్మం దాకా వచ్చిన ఆయన భార్య అంది, "అబద్ధం చెప్పడం అంత కష్టమా తల్లీ?"

ఆ సాయంత్రం నుంచి ఆయన గంజి కూడా ముట్టలేదు. పన్నెండో రోజు పోయాడు.

సంతాపసభలో పాత శిష్యుడొకాయన లేచి, చివరి రోజుల్లో మాస్టారు సాధించిన గొప్ప ఫలితం గురించి చెప్పాడు. మొదటి వరసలో కూచున్న మాస్టారి భార్య పిచ్చుక వైపు చూసింది. బతిమాలుతున్నట్టు చూసింది. అయినా పిచ్చుక లేచి నిలబడింది.

"ఆ ఫలితం నిజం కాదండీ. నేను చేసిన పొరపాటు. మాస్టారికి తెలుసు. వెనక్కి తీసుకోమని ఆయనే చెప్పారు."

మాస్టారి భార్య చెంగు సవరించుకుని, ఎవరి సాయమూ లేకుండా లేచి బయటికి నడిచింది. పాత శిష్యుడు చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పిచ్చుక తర్వాత ఏడాదికి డాక్టరేటు పూర్తి చేసింది. ఆ స్ఫటికం ఆమె సిద్ధాంత గ్రంథంలో మామూలు అతివాహకంగానే ఉంది. పుస్తకం ప్రతి ఒకటి మాస్టారింటికి పంపింది. అందినట్టు కబురు రాలేదు.