సరుకు అయిపోయేదాకా

మా అత్త పున్నమ్మ మిరప సాలులోనే పడిపోయింది. ఆమె వెనక మరో ఇద్దరు. ఫిబ్రవరి రెండో వారం, పొద్దున పదిన్నర. ముందురోజు ఆ చేలో నల్ల తామర పురుగుకి మందు కొట్టారు. సర్కారు సగం ధరకి ఇచ్చిన మందే. నేను పక్క సాలులో కాయ కోస్తున్నాను. డిగ్రీ చదువుతూ సెలవురోజుల్లో కూలికి వెళ్ళేదాన్ని. అత్త నోట నురగ వస్తుంటే చూస్తూ నిలబడ్డాను. మోచేతుల దాకా చేతులు తిమ్మిరెక్కి ఉన్నాయి. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆసుపత్రికి చేరేలోపే ముగ్గురూ పోయారు. ఊళ్ళోకొచ్చిన అధికారి వడదెబ్బ అని రాసుకున్నాడు.

"మాఘమాసంలో వడదెబ్బేందయ్యా?" అని మా కోతల ముఠా మేస్త్రి సుబ్బరావమ్మ అడిగింది.

అధికారి జీపెక్కాడు. మూడో రోజున మేం మళ్ళీ కోతకి వెళ్ళాం.

మార్చి మొదట్లో కూలీ సంఘం బుల్లయ్య ఒకామెను మా ఇంటికి తీసుకొచ్చాడు. పేరు షహనాజ్. జిల్లా ఆఫీసులో టైపిస్టు. మంచినీళ్ళిస్తే గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చుంది, తాగలేదు.

"ఈ కాగితం నవంబర్లో నేనే టైపు చేశానండీ. సంతకానికి పెట్టి ఇంటికి పోయాను. తర్వాత పేపర్లో ముగ్గురు పోయారని చదివాను."

సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టింది.

నాలుగు పేజీలు. పైన 'అత్యంత రహస్యం' అని ముద్ర. సుబ్బరావమ్మా ముఠా వాళ్ళూ చుట్టూ చేరితే నేను పైకి చదివాను. ఆ మందులో నిషేధించిన విషం కలిసిందని ప్రయోగశాల తేల్చింది. పంపిణీ వెంటనే ఆపమంది. కింద పైఅధికారి రాత: 'ఉన్న సరుకు అయిపోయాక నిలిపివేయవచ్చు.'

"మళ్ళీ చదువు అఖిలా" అంది సుబ్బరావమ్మ.

చదివాను.

"సరుకు అయిపోయేదాకా మనం చావొచ్చన్నమాట" అంది. గోడకి ఆనుకుని అట్లాగే కూర్చున్నాం.

బుల్లయ్య ఆ కాగితాన్ని ఒక విలేకరికి ఇచ్చాడు. మర్నాడు పత్రికలో వచ్చింది. సాయంత్రం టీ కొట్టు దగ్గర టీవీ ముందు ఊరంతా నిలబడింది. తెర మీద నలుగురు పెద్దమనుషులు. కింద ఎర్రక్షరాలు: 'రహస్యం లీక్ చేసిందెవరు?' పాలకపక్షం ఆయన ద్రోహమన్నాడు. ప్రతిపక్షం ఆయన ప్రజల హక్కన్నాడు. మీ ప్రభుత్వంలో ఇట్లాంటి పనే చేసిన గుమాస్తాని జైల్లో పెట్టారు కదా అని యాంకర్ అడిగితే, అది వేరన్నాడు. గంటసేపు నడిచింది. చచ్చిపోయిన వాళ్ళ పేర్లు ఒక్కసారి కూడా రాలేదు.

"నా మీద కేసు పెడతారేమో" అన్నాడు పక్కనున్న వెంకయ్య. ముగ్గురూ పడిపోయిన చేను ఆయన కౌలుకి చేస్తున్నదే. "మందు కొట్టింది నేనే గదా."

"నువ్వు కొన్నావు, మేం కోశాం. అంటగట్టినోళ్ళు ఏరి? టీవీలో కనపడ్డారా?" అని సుబ్బరావమ్మ కసిరింది.

రెండు రోజులకి షహనాజ్‌ను అరెస్టు చేశారు. యాంకర్ ఆమె పేరును ప్రతిసారీ కాస్త గట్టిగా పలికాడు. మా ఊరికి టీవీ బండి వచ్చింది.

"ఆమె మిమ్మల్ని ఎప్పుడు కలిసింది? ఆమె వెనక ఎవరున్నారు?" అని కుర్ర విలేకరి సుబ్బరావమ్మ ముందు మైకు పెట్టాడు.

"ముగ్గురు ఎట్లా పోయారో అడగవా బాబూ?"

"ఆ వార్త పోయిన నెలే వేశామమ్మా."

ఆ బండి వెనకే పోలీసులొచ్చారు. కాగితం నకళ్ళూ ఫోన్లూ పట్టుకెళ్ళారు. అది దగ్గరుంచుకోవడమే నేరమని ఎస్సై హెచ్చరించాడు.

ఆ సాయంత్రం కల్లంలో కూర్చున్నాం. మనకెందుకీ గొడవ అన్నవాళ్ళున్నారు. ఆవిడ ఉద్యోగం ఆవిడది, మన కూలి మనదన్నారు.

"ఆవిడ నోరు మూసుకునుంటే ఇంకా వడదెబ్బనే అనుకునేవాళ్ళం" అన్నాడు బుల్లయ్య. "కాగితం పోయింది. ఇప్పుడేం చేద్దాం?"

"చదివీ చదివీ నాకు నాలుగు పేజీలూ నోటికొచ్చు" అన్నాను.

మూడు రోజులు ముఠా వాళ్ళచేత వల్లె వేయించాను. తారీఖులు, మందు పేరు, సంతకం చేసినవాడి హోదా. అక్షరం రాని ఆడవాళ్ళు పదహారుమంది ఒక్క ముక్క పోకుండా పట్టేశారు. నాలుగో రోజు షహనాజ్‌ను తీసుకొస్తారని తెలిసి కోర్టుకి బయలుదేరాం.

"కాయ రాలిపోద్ది" అన్నారెవరో.

"రాలనీ" అన్నాడు వెంకయ్య. ఆయనా వచ్చాడు.

షహనాజ్‌ను కోర్టు గేటు దగ్గర వ్యాను దించుతున్నారు. మమ్మల్ని చూసి ఒక్క క్షణం ఆగింది. పోలీసు భుజం పట్టి నెట్టాడు. కెమెరాలన్నీ అటు తిరిగాయి. ఒక మైకు సుబ్బరావమ్మ ముందుకొచ్చింది.

"నవంబరు పన్నెండు. ప్రయోగశాల నివేదిక. మొదటి పేజీ..." అని ఆమె మొదలుపెట్టింది.

ఎస్సై పరుగున వచ్చాడు. "ఆపు! అది రహస్య పత్రం, చదవకూడదు!"

"నేను చదవట్లేదయ్యా. నాకు చదువు రాదు. చెప్తున్నా."

విలేకరికి చెవిలో పెట్టుకున్న ఫోనులో ఏదో వినపడినట్టుంది, మైకు వెనక్కి తీసుకున్నాడు. కెమెరా దించేశారు. సుబ్బరావమ్మ ఆపలేదు. ఆమెను వ్యానెక్కిస్తే రెండో పేజీ ఇంకొకామె అందుకుంది. ఆమెనూ ఎక్కించారు. బుల్లయ్యను ఎక్కించారు. మూడో పేజీ నాకొచ్చింది. చెప్తూ పోయాను.

వేరే కేసు వాయిదాకి అద్దంకి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"ఆ మందు పేరు ఇంకోసారి చెప్పమ్మాయ్."

చెప్పాను.

"మా ఊళ్ళో ఇద్దరు పోయారు. గుండెపోటన్నారు."

"వాళ్ళ పేర్లు చెప్పు బాబాయ్."

ఆయన చెప్పాడు. మేమంతా గట్టిగా పలికాం. నన్ను వ్యానెక్కిస్తుంటే వెనక ఇంకా ఆ పేర్లు వినపడుతున్నాయి. షహనాజ్‌కు ఆ రోజు బెయిలు రాలేదు. ఆ వారంలోనే మా ఊళ్ళో లాగే ఆ పెద్దాయన ఊళ్ళోనూ కూలీలు కోతలు ఆపేశారు.