బావ గిటారుకు ఆరు మరలు

సోమవారం షాపు తెరుద్దామని వెళ్లేసరికి బావ అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో గిటార్, చేతిలో చిన్న అట్టపెట్టె. ఆ రోజు నాకసలు మంచం దిగాలనే లేదు. మెడ పట్టేసి వారమైంది, కళ్లు మండుతున్నాయి, ఎవరి మొహమూ చూసే ఓపిక లేదు.

"ఏమ్మా మరదలు పిల్లా, ఇప్పుడా తెల్లారడం?" అన్నాడు.

నాకు నలభై తొమ్మిదేళ్లు. జుట్టు సగం నెరిసింది. అయినా మా అక్క మొగుడికి నేనెప్పటికీ మరదలు పిల్లనే.

"పొద్దున్నే నీ మొహం చూశాగా బావా, ఇక ఇవాళ్టికి పని అయినట్టే," అన్నాను, తాళం తీస్తూ.

షాపంటే టైర్ల కొట్టు పైన ఒక్క గది. ఒక బల్ల, ఒక దీపం, గోడకి వేలాడే నాలుగు గిటార్లు. కింద గాలి కొట్టే మిషను మొదలైతే అది ఆగేదాకా నేను శ్రుతి చూడలేను. ఇరవై రెండేళ్లుగా విరిగిన గిటార్ మెడలు అతికిస్తూ, తెగిన వైర్లు కలుపుతూ ఇక్కడే ఉన్నాను. ఈ పనిలోకి నన్ను లాగింది బావే. అక్క పెళ్లయిన కొత్తలో, పదిహేనేళ్ల నా చేతిలో గిటార్ పెట్టి, "కళ్లు మూసుకో. రెండు తీగలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టు వణుకు వినిపిస్తోందా? ఆ వణుకు ఆగాక వదిలెయ్, అదే శ్రుతి," అన్నాడు. ఆ ఒక్క మాట మీదే నేనింతకాలం బతికాను.

అట్టపెట్టె విప్పి బల్ల మీద పెట్టాడు. కొత్త టెయిల్‌పీస్. గిటార్ కింది చివర తీగలన్నిటినీ పట్టి ఉంచే లోహపు కడ్డీ అది. మామూలు కడ్డీ తీగల్ని పట్టుకుంటుంది, అంతే. దీనికి మాత్రం తీగకొకటి చొప్పున ఆరు చిన్న మరలున్నాయి. మర తిప్పితే దాని కింద ఉన్న చిన్న మీట నొక్కుకుని తీగ వెంట్రుకవాసి బిగుస్తుంది. పాట మధ్యలో గిటార్ తల దగ్గర తీగలు బిగించే కీల దాకా చెయ్యి చాచకుండా, కుడిచేతి కిందే శ్రుతి సరిచేసుకోవచ్చు.

"ఈ వయసులో నీకీ సోకులెందుకు బావా?"

"సోకు కాదే. గిటార్ నిలవడం లేదు. సన్న తీగలు దిగిపోతున్నాయి. పెద్దాయన రెండుసార్లు నా వైపు చూశాడు."

పెద్దాయనంటే అకార్డియన్ వాయించే ముసలాయన, వాళ్ల జట్టుకి నాయకుడు. ప్రతి శుక్రవారం సాయంత్రం టీ వేళ ఒక హోటల్ హాల్లో నలుగురు వాయిస్తారు. బావ అక్కడ ఇరవై ఆరేళ్లుగా ఉన్నాడు. తీగ వాయిద్యాలున్న మిగతా ఇద్దరికీ శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టెలున్నాయి. బావకి లేదు. చెవి లేనివాళ్లకే పెట్టె అంటాడు. నిజానికి చాలాకాలం పాటు ఆ పెట్టెలు కూడా తప్పే, బావ చెవే ఒప్పు అన్నట్టుండేది అక్కడ.

పెద్దాయన మాట అనడు, చూస్తాడు. మూడోసారి చూశాడంటే ఇంకో మనిషిని వెతుక్కుంటాడు. అది బావకీ తెలుసు, నాకూ తెలుసు.

పని మొదలుపెట్టాను. తీగలు వదులు చేస్తే పాత కడ్డీ చేతిలోకి ఊడొచ్చింది. కొత్తదాని బోల్టులు పాత గొట్టాల్లో రెండు చుట్లు తిరిగి ఆగిపోయాయి. మరచుట్టు వేరు. బలవంతం చేస్తే చెక్క పగులుతుంది. కాబట్టి చెక్కలో దిగ్గొట్టి ఉన్న పాత గొట్టాల్నే పైకి తియ్యాలి. దానికో కిటుకుంది. గొట్టంలో చిన్న మేకు ముక్క వేసి, దాని మీదకి పాత బోల్టు బిగించుకుంటూ పోవాలి. బోల్టుకి కిందికి దారి ఉండదు, అందుకని గొట్టమే పైకి లేస్తుంది. ఇది లేవనని మొండికేసింది. కొంచెం వేడి చేసి, కొంచెం తిప్పి, కొంచెం తిట్టి, మధ్యాహ్నానికి రెండూ బయటికి తీశాను. ఎడమవైపు గొట్టం కింద సన్నటి వైరు ఒకటి ఉంటుంది. అది లోహానికి తగలకపోతే గిటార్ తుమ్మెదలా ఝుమ్మంటూనే ఉంటుంది. దాన్ని శుభ్రం చేసి, మళ్లీ కిందికి వచ్చేలా పెట్టి, కొత్త గొట్టాల్ని చెక్క దిమ్మ అడ్డుపెట్టి దిగ్గొట్టాను.

తర్వాత ప్రతి మరనూ దాని దారిలో సగానికి తెచ్చి ఆపాను. సగంలో ఉంటేనే పెంచడానికీ తగ్గించడానికీ చోటుంటుంది. అప్పుడు తల దగ్గర కీలతో శ్రుతి చేసి, తీగలు సాగదీసి, మళ్లీ శ్రుతి చేశాను. అంతా అయ్యేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మంగళవారం ఇస్తూ చెప్పాను. "ఇక కీల జోలికి వెళ్లకు బావా. ఏం తేడా అనిపించినా ఈ మరలతోనే చూసుకో."

"చిత్తం," అన్నాడు.

ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఎడమ చెవిలో దూది పెట్టినట్టుందంటున్నాడే. పది రోజులైంది. డాక్టరు దగ్గరికి పదమంటే ఇదిగో అదిగో అంటున్నాడు. నువ్వైనా చెప్పు," అంది. చెప్తాలే అన్నాను. మర్చిపోయాను. మర్చిపోయానని చెప్పుకోవడం తేలిక. నిజానికి ఆ వారం ఇంకొకరి బాధ నెత్తికెత్తుకునే ఓపిక లేక పక్కన పెట్టాను.

శుక్రవారం కచేరీ పాడైంది. శనివారం పొద్దున బావ గిటార్ తెచ్చి బల్ల మీద ఠపీమని పెట్టాడు.

"నీ మరలు నీ దగ్గరే ఉంచుకో. నిన్న పెద్దాయన మూడోసారి చూశాడు. వచ్చే శుక్రవారం దాకా చూద్దాం అన్నాడు. నోరు తెరిచి అన్నాడే!"

గిటార్ దీపం కిందికి లాగాను. లావు తీగల మరలు మూడూ నేను వదిలిన చోటే, సగంలో ఉన్నాయి. సన్న తీగల మరలు మూడూ ఇక తిరగడానికి చోటు లేకుండా చివరిదాకా బిగించి ఉన్నాయి. తల దగ్గర కీలు తిప్పితే ఎంత తిప్పారో ఎవరికీ తెలియదు. ఈ మరలు మాత్రం తిప్పినంతా తిప్పినట్టు చూపిస్తాయి. తీగ దిగలేదు. దిగిందనుకుని మనిషే ఎక్కించుకుంటూ పోయాడు.

ట్యూనర్ పెట్టి అన్నీ సరిగ్గా శ్రుతి చేసి, పెట్టె నా వైపుకి తిప్పుకుని, గిటార్ ఆయనకిచ్చాను. "వినిచూడు బావా."

మీటాడు. తల అడ్డంగా ఊపాడు. కళ్లు మూసుకుని, అన్నిటికన్నా సన్న తీగ మర తిప్పాడు, ఇంకా తిప్పాడు. పెట్టెలో ముల్లు గీత దాటి వెళ్లిపోతోంది. మర ఆగిపోయేదాకా తిప్పి, మొహం విప్పార్చి, "ఆ. ఇదీ శ్రుతంటే," అన్నాడు.

శ్రుతి అంటే ఏంటో నాకు చెప్పిన మనిషి. చెప్పాలి. బావా, గిటార్‌కేం కాలేదు, నీ చెవికైంది అని ఒక్క ముక్క. ఆ వారమే ఒకాయనకి వాళ్ల నాన్న గిటార్ ఇక బాగుపడదని చెప్పి, ఆయన ఇక్కడే కూర్చుని ఏడుస్తుంటే చూశాను. మళ్లీ ఇంకొకటి నా వల్ల కాలేదు.

"మరల్లో ఏదో లోపముంది. సోమవారం తీసుకెళ్లు," అన్నాను.

ఆ మధ్యాహ్నం మరలు ఆరూ ఊడదీశాను. ఒక్కోదాని మొనా ఆకురాయితో అరగదీసి పొట్టి చేశాను. మీటలు కదలకుండా వాటి కింద ఇత్తడి రేకు ముక్కలు బిగించాను. తిప్పే వేలికి బిగువు తగలాలి కదా, మొన కింద చిన్న రబ్బరు బిళ్ల పెట్టాను. ఇప్పుడు మర ఎంత తిప్పినా తిరుగుతుంది. తీగ మాత్రం ఉన్నచోటు నుంచి కదలదు. ఉత్తుత్తి మరలు. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని ఇంకోటి లేదు. సిగ్గుపడాల్సింది పోయి ముచ్చటపడ్డాను.

సోమవారం బావ వచ్చాడు. నేను శ్రుతి చేసి పెట్టిన గిటార్ తీసుకుని మీటాడు, మొహం చిట్లించాడు. సన్న తీగ మర కాస్త తిప్పాడు, మళ్లీ మీటాడు. ఇంకాస్త తిప్పాడు. తల ఊపాడు.

"ఇప్పుడు కుదిరింది. ఏం చేశావే?"

"కొంచెం అరగదీశాను," అన్నాను. అబద్ధం కాదు.

చేతికి అలవాటైన పని చేస్తే చెవి సర్దుకుంటుందని నాకు తెలుసు. అక్కడే ఆయన్ని పట్టుకున్నాను.

శుక్రవారం వెళ్లి హాల్లో వెనక బల్ల దగ్గర కూర్చున్నాను. మొదలయ్యే ముందు, మరలు చూస్తానన్న వంకతో నేనే శ్రుతి సరిచూశాను. బావ బాగా వాయించాడు. నిజంగానే బాగా వాయించాడు. పాటకీ పాటకీ మధ్య ఉత్తుత్తి మరలు తిప్పుకుంటూ, కొత్త పెళ్లికొడుకులా మురిసిపోతూ. చివర్లో పెద్దాయన ఆయన వైపు చూసి తల ఊపాడు. ఆ రోజు నాకు కాస్త నిద్ర పట్టింది.

తర్వాతి గురువారం అక్క ఫోన్. గొంతులో అలసట. నిన్న వంటింట్లో గిన్నె పడితే ఎటు నుంచి చప్పుడొచ్చిందో ఆయనకి తెలియలేదట.

"మరి డాక్టరు?"

"ఏం డాక్టరే! బతిమాలి బతిమాలి పోయిన వారం మంగళవారానికి కుదిర్చాను. మరలు పెట్టాక కూడా శ్రుతి కుదరకపోతే వస్తానన్నాడు, అదీ మా ఒప్పందం. నువ్వు సోమవారం బాగుచేసి ఇచ్చావు కదా. ఇంటికి రాగానే వాయించి చూసుకుని, నా చెవికేం రోగం లేదు, మరదలు తేల్చేసిందని రద్దు చేయించాడు."

ఫోన్ పెట్టేశాను. కింద గాలి మిషను కొట్టుకుంటోంది. ఎవరో గిటార్ పట్టుకుని వస్తే తర్వాత రమ్మని పంపేసి, తలుపు వేసి, అక్కావాళ్లింటికి బస్సెక్కాను.

బావ ముందుగదిలో కుర్చీలో ఉన్నాడు. గిటార్ ఒళ్లోనే ఉంది. నేను కుడివైపు వెళ్లి కూర్చున్నాను.

"బావా, ఆ మరలు ఉత్తవి."

"ఆ?"

"ఉత్తవి. మొనలు అరగదీసేశాను. ఎంత తిప్పినా తీగ కదలదు."

నవ్వాడు. వేళాకోళమనుకున్నాడు. ముప్పై ఏళ్లుగా మేమిద్దరం చేసింది అదే కదా. నేను ట్యూనర్ పెట్టె తీసి ఆయన ముందు పెట్టాను. సన్న తీగ మీటి మర తిప్పాడు. మళ్లీ మీటాడు. ముల్లు ఉన్నచోటే ఉంది. వెనక్కి తిప్పి మీటాడు. ముల్లు అక్కడే. నవ్వు ఎప్పుడు పోయిందో నేను చూడలేదు. ముల్లునే చూస్తున్నాను.

"మారిందే. నాకు వినిపించిందే," అన్నాడు.

"మారలేదు బావా."

"మరి శుక్రవారం?"

"శ్రుతి నేను చేశాను. వాయించింది నువ్వే."

అక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బావ ఎవర్నీ తిట్టలేదు. తిడితే బాగుండేది. గిటార్ పక్కన పెట్టి, కాసేపు తన వేళ్లకేసి చూసుకుని, "నువ్వు చెప్పకపోతే ఇంకెవరు చెప్తారే నాకు?" అన్నాడు. ఏడ్చాను. ఏడుస్తూనే డాక్టరుకి ఫోన్ చేశాను.

మర్నాడు పదకొండింటికి రమ్మన్నారు. బయల్దేరుతుంటే బావ అక్కని ఆపేశాడు. "నువ్వొద్దు. నాకు నచ్చేట్టు చెప్తావు. అది వస్తుంది," అన్నాడు, నన్ను చూపించి. కోపం పోలేదని ఆ చూపించడంలోనే తెలిసింది. పెద్దాయనకి పొద్దున్నే తనే ఫోన్ చేసి, ఈ వారం రాలేనని, ఎందుకో కూడా చెప్పేశాడట.

చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, గాజు గదిలో కూర్చోబెట్టి, ఏవేవో కూతలు వినిపించారు. వినిపించినప్పుడల్లా బావ చెయ్యెత్తాలి. ఎడమ చెవికి చాలాసేపు చెయ్యి లేవలేదు. డాక్టరు కాగితం మీద గీతలు చూపించాడు. దెబ్బతిన్న చెవికి పై స్వరాలు కాస్త కిందుగా వినిపిస్తాయట, అందుకే ఎక్కించుకుంటూ పోయాడట. మందులిస్తాను కానీ పెద్దగా ఆశ పెట్టుకోవద్దని అన్నాడు. తర్వాత కాగితాలు సర్దుకుంటూ, గొంతు తగ్గించి, నా వైపు చూసి ఇంకో మాట అన్నాడు.

బావ నా వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు?"

ఆ రెండో మాట ఆయనకి వినపడలేదు. నేను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. కుర్చీ ఆయన కుడిచెవి దగ్గరికి జరుపుకున్నాను.

"ఎడమ చెవి ఇక రాకపోవచ్చు బావా. పది రోజుల ముందు, ఆ మంగళవారం వచ్చుంటే, చాలావరకు తిరిగొచ్చేదట."