మిరపకట్టె పొగ

బక్రీదు నాటి నుంచి ముసురు విడవలేదు. దండెం మీద ఆరాల్సిన మాంసం ఉప్పు పట్టించి కుండలోనే ఉంది. కూతురు కరీమున్ పురిటికి వచ్చింది. బాలింతకి ఎండుమాంసం పులుసు పెట్టాలని చాంద్‌బీ మంచి కండ ఎంచి దాచింది. ఇంకో రోజు ఆగితే అది వాసన కొట్టేలా ఉంది.

ఆమె మొగుడు అల్లాబక్షు రోడ్డు పనివాళ్లు పారేసిన తారుపీపా తెచ్చాడు. తారంతా పోయేదాకా కాల్చి, బూడిదతో తోమాడు. అడుగున మంటకి తలుపు కోశాడు. జిన్నింగు మిల్లు తుక్కులో దొరికిన చువ్వలు పైన అడ్డంగా గుచ్చి, పొగకి ఆరుతుందని సగం మాంసం వేలాడదీశాడు. రోజూ వంటకి వాడే మిరపకట్టెనే వసారాలో ఆ పీపా అడుగున అంటించాడు. ఆ కట్టెకి తాలుకాయలు ఇంకా ఉన్నాయి.

కాసేపటికి వీధంతా దగ్గు.

"ఏరా, దోమల్ని తోలుతున్నావా, మమ్మల్నా?" అన్నాడు పక్కింటి రైతు బాపయ్య, కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"కట్టె నీ చేలోదే బావా."

"పొయ్యిలోకి ఇచ్చాను. ఊరికి పొగ పెట్టమన్నానా?"

చాంద్‌బీ ఒక ముక్క నాలిక్కి ఆనించి చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"కారం ముట్టకూడని పిల్లకి ఇదెట్లా పెట్టేదయ్యా?"

అల్లాబక్షు మంట ఆర్పి, ఆ ముక్కలు దించి, పీపా కడిగి, మిగిలిన సగం గుచ్చాడు. ఈసారి బాపయ్య కొట్టంలోంచి అడిగి తెచ్చిన తుమ్మ మొద్దు పెట్టాడు.

మర్నాటికి ముక్కలు గట్టిపడ్డాయి. చాంద్‌బీ మళ్లీ నాలిక్కి ఆనించింది. గుడ్డలో మూటగట్టి వాసానికి కట్టింది.

కారం పట్టిన మొదటి సగం బాపయ్య పట్టుకెళ్లాడు.

"మీ అక్క ఇవాళ కారం నూరక్కర్లేదు," అన్నాడు.