తొమ్మిదో మనిషి విప్పని కిట్టు

మదనపల్లెలోని ఆ హాలులో ఆసుపత్రులు ఊడ్చే ముప్పైమంది ఆడవాళ్లకు ఒకే ఒక్క పీపీఈ కిట్టు. ఒకామె తొడుక్కోవాలి, ఫోటో దిగాలి, విప్పి పక్కామెకు ఇవ్వాలి. దీనికి కాంట్రాక్టరు పెట్టిన పేరు కరోనా శిక్షణ. ఒకరి చెమట ఆరకముందే ఆ గౌను ఇంకొకరి ఒంటిమీదికి పోతూ ఉంది. అంటురోగాన్ని ఆపడం నేర్పే చోట సాగుతున్న బాగోతం ఇది!

తొమ్మిదో మనిషి మునిలక్ష్మమ్మ. పుంగనూరు నుంచి వచ్చింది. రేపటి నుంచి కరోనా వార్డు ఊడ్చి కడగాలి. "శిక్షణ పొందాను, కిట్టు అందింది" అని రాసిన కాగితం మీద సంతకం పెట్టాలి. పోయిన నెల ఆమెతో పనిచేసే వెంకటమ్మ ఇలాంటి కాగితం మీదే వేలిముద్ర వేసింది. మూతికి కొంగు కట్టుకుని వార్డు కడిగింది. పన్నెండో రోజున చనిపోయింది. అన్నీ నేర్పించాం, ఆమెదే అజాగ్రత్త అని ఆ కాగితం చూపించి కాంట్రాక్టరు మనుషులు చేతులు దులుపుకున్నారు. ఆ మాటకు మునిలక్ష్మమ్మ కడుపు ఇంకా మండుతూనే ఉంది.

ఫోటో అయింది. "విప్పమ్మా, తొందరగా!" అన్నాడు సూపర్‌వైజర్ మధుసూదన్.

"ఎట్ల విప్పాలప్పా? విప్పేటప్పుడే రోగం అంటుకుంటాదంట గదా. నేర్పించు, విప్పుతా."

"రేపట్నుంచి నీకు పని లేదు, పో!"

"పనిబోతే నా బిడ్డలు పస్తుంటారు. వెంకటమ్మ బిడ్డలకు అమ్మే లేకపాయె."

"కూసోమ్మే! నీ వల్ల మా కూడు గూడా పోతాది" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

కుప్పం నుంచి వచ్చిన రేవతి గిర్రున వెనక్కి తిరిగింది. "ఆయమ్మ అడిగేది మన పానాల కోసరమే గదా! యాల నోరు మూయిస్తావు?"

గంట గడిచింది. ప్లాస్టిక్కు గౌనులో మునిలక్ష్మమ్మ ఉడికిపోతోంది. కళ్లు తిరుగుతున్నాయి. అయినా కదల్లేదు. మధుసూదన్ పోలీసులను పిలిపించాడు. ఎస్సై ఆమె రెక్క పట్టుకోబోయి, కిట్టు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ భయం ఎంత న్యాయమైనదో! వార్డు ఊడ్చేవాళ్లకు మాత్రం అది ఉండకూడదు!

అంతవరకూ మూలన తల వంచుకుని నిలబడిన నర్సు శాలిని ముందుకొచ్చింది. ఆమెదీ కాంట్రాక్టు ఉద్యోగమే.

"ముందు గ్లవ్స్ తియ్యమ్మా. బయటి పక్క చెయ్యి తగలనీకు. చేతులు కడుక్కో. ఇప్పుడు గౌను, లోపలి పక్క బయటికి వచ్చేట్టు చుట్టు. మళ్లీ కడుక్కో. మాస్కు అన్నిటికన్నా ఆఖర్న."

"శాలినీ! నీ ఉద్యోగం కూడా పోతుంది" అని మధుసూదన్ బెదిరించాడు. ఆమె గొంతు ఇంకా పెంచింది. ముప్పైమందీ లేచి నిలబడి వింటున్నారు.

విప్పిన కిట్టును శాలిని చెత్తసంచిలో వేసి మూతి బిగించింది. ఎస్సై స్టేషనుకు పదమన్నాడు. మునిలక్ష్మమ్మ తడిసిన చీరతోనే నడిచివెళ్లి పోలీసు జీపెక్కింది.

జీపు కదిలింది. కూడు పోతుందని అరిచినామె ఏడుస్తూ ఉంది. రేవతి శాలిని దగ్గరికి వచ్చింది.

"ఇంగోసారి చెప్పు నర్సమ్మా, తప్పు పోకూడదు. రేపు కుప్పంలో మావోళ్లకు నేను నేర్పించాల. మనిషికో కిట్టు ఇచ్చేదాకా ఎవురూ వార్డులో అడుగుపెట్టేది లేదని గూడా నేర్పిస్తా."